కారు టర్బో చెడినప్పుడు నేరమెవరిది?

మన చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో డీజిలు కారు విలాసవస్తువు కాదు. టమాటా మండీకి పోవు వర్తకుడు, పట్టుగూళ్ళ బేరమునకు శిడ్లఘట్టకు పోవు రైతు, బెంగుళూరు విమానాశ్రయమునకు బాడుగ త్రోలు డ్రైవరు, వీరందరి బ్రతుకుతెరువు దానితో ముడిపడి యున్నది. అందుచేత కారులో ఒక భాగము చెడినప్పుడు పుట్టిన రచ్చ గ్యారేజిలోనే ముగియక ఇండ్లలోనికి, అంగళ్ళలోనికి, కడకు సంఘపు పెద్దల ముందునకును వచ్చుచున్నది. ఈ మధ్య మా వద్దకు వచ్చిన తగవులలో టర్బోచార్జరును గూర్చినవి ఒకటికి రెండు ఉండుటచే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తగవు ఇట్లుండును. కారు ఎత్తు ఎక్కునప్పుడు లాగుట మానినది. వెనుకనుండి పొగ వచ్చినది. గ్యారేజివారు టర్బో పోయినదని చెప్పి, పెద్ద మొత్తమునకు అంచనా వ్రాసి చేతికిచ్చినారు. యజమాని డ్రైవరును పిలిచి, నీవు బండిని మితిమీరి తోలితివి గనుక సగము ఖర్చు నీ జీతములో పట్టుకొందునని తేల్చివేసినాడు. డ్రైవరు తల వంచుకొని నిలిచినాడు. మా అభిప్రాయమును ముందుగానే చెప్పుచున్నాము: పెక్కు సందర్భములలో ఈ తీర్పు అన్యాయము. టర్బో తనంత తాను చెడుట తక్కువ. దానిని చెడగొట్టిన కారణము వేరొకచోట నుండును. వెదకినచో అది చాలమారులు యజమాని చేసిన పొదుపులోనే దొరకును.

ఆ యంత్రము పని తెలిసినచో సంగతి బోధపడును. ఇంజనునుండి బయటికి పోవు వేడి పొగ ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసుకు రెండవ కొననున్న మరియొక చక్రము బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజనులోనికి పంపును. గాలి హెచ్చుగా అందుటచే డీజిలును హెచ్చుగా కాల్చవచ్చును. చిన్న ఇంజనే పెద్ద ఇంజను బలము నిచ్చును. ఆల్ఫ్రెడ్ బ్యూకి అను స్విట్జర్లాండు ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు పొందెను. మన రోడ్లకు మాత్రము ఇది ఆలస్యముగా వచ్చినది. పాత అంబాసిడరు డీజిలు కార్లకు ఇది లేదు. మన బాడుగ డ్రైవర్లు ఎంతగానో మెచ్చుకొనిన క్వాలిస్‌కును లేదు. దాని స్థానమున 2005లో వచ్చిన ఇన్నోవాకు కలదు. క్వాలిస్‌ను చూచుకొన్నట్లే ఇన్నోవాను గూడ చూచుకొనవచ్చునని తలచుటతోనే మనవారి చిక్కులు మొదలైనవి.

ఆ ఇరుసు నిమిషమునకు లక్షకు మించి, చిన్న టర్బోలలో రెండు లక్షల వరకును చుట్లు తిరుగును. ఒక ప్రక్క చక్రమును తాకు పొగ వేడిమి 700 డిగ్రీలకు మించగలదు. ఇంత వేగములో, ఇంత వేడిలో ఇరుసు బేరింగును రాచుకొనకుండ తేలియుండుటకు ఆధారము పలుచని ఆయిలు పొర ఒక్కటే. ఆ ఆయిలు ఇంజనునుండి ఒక సన్నని గొట్టము గుండ వచ్చి, ఇరుసును తడిపి, చల్లబరచి, తిరిగి క్రిందికి జారిపోవును. అది కొన్ని క్షణములు అందకున్నను, మడ్డి కట్టి వచ్చినను ఇరుసు అరుగుట మొదలగును. కావున టర్బో ఆయుర్దాయము ఆయిలు చేతిలో నున్నది.

మరి ఆయిలు ఎవరి చేతిలో నున్నది? పుస్తకములో చెప్పిన కిలోమీటర్లు గాని, నెలలు గాని, ఏవి ముందు నిండిన అప్పుడు ఆయిలు మార్చవలెను. మనవారు కిలోమీటర్లను మాత్రమే లెక్కించెదరు. అవియు నిండిన తరువాత, ఈ పంట సొమ్ము రానిమ్ము, ఈ పెండ్లిండ్లు కానిమ్ము అని వాయిదా వేసెదరు. ఏ డబ్బాలోనిదో తెలియని విడి ఆయిలును చౌకయని పోయించువారును కలరు. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన బి.ఎస్.6 నియమముల ప్రకారము చేసిన కార్లలో పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ యుండును. దానికి బూడిద తక్కువగా మిగుల్చు ప్రత్యేకమైన ఆయిలు కావలెను. ఇది తెలియక పాత రకమే పోసినచో జల్లెడ పూడుకొని, పొగకు దారి లేక, ఆ భారమంతయు టర్బో మీద పడును. తోటలకు పోవు మట్టిదారులలోను, కంకర క్వారీల ప్రక్కనను తిరుగు కార్లకు గాలి ఫిల్టరును పుస్తకపు గడువుకంటె ముందుగానే మార్చవలెను. ఆ ఫిల్టరు చిరిగినచో దుమ్ము నేరుగా పోయి చక్రపు రెక్కలను కొరుకును. ఇవన్నియు డబ్బు పెట్టువాడు నిర్ణయించు విషయములు. స్టీరింగు పట్టినవాడు నిర్ణయించునవి కావు.

డ్రైవరుకు బాధ్యత లేదని మేమనుట లేదు. నంది కొండ ఎక్కి, పైన ఆగిన వెంటనే ఇంజనును ఆపివేయువాడు, టర్బో ఇంకను మండుచుండగనే ఆయిలు రాకను ఆపినవాడగును. లోపల నిలిచిన ఆయిలు మాడి బొగ్గు పొరయై ఆ సన్నని గొట్టమును పూడ్చును. నీటితో గూడ చల్లబడు టర్బోలలో ఈ ప్రమాదము కొంత తక్కువ; అయినను ఒకటి రెండు నిమిషములు ఇంజనును ఊరక తిరుగనిచ్చి ఆపుట మేలు. ఉదయము చల్లని ఇంజనును ప్రారంభించిన వెంటనే రేజు చేయుటయు తగదు. కాని ఈ సంగతి డ్రైవరుకు చెప్పినవారెవరు? విమానాశ్రయమున ప్రయాణికులు దిగగానే ఇంజను ఆపుము, డీజిలు దండుగ అని కోపగించు యజమానులే యున్నారు.

ఇక గ్యారేజి. బండి లాగకున్నచో టర్బోయే పోయినదని ఒక్క చూపుతో తేల్చరాదు. టర్బోనుండి గాలిని తీసికొనిపోవు రబ్బరు గొట్టము చీలినను, దాని క్లాంపు వదులైనను ఇదే లక్షణము కనబడును: బలము తగ్గును, నల్లని పొగ వచ్చును, బుస్సుమను శబ్దము వినబడును. సన్నని వాక్యూము గొట్టము ఊడినను, మసితో ఇ.జి.ఆర్. వాల్వు బిగిసినను, ఒక సెన్సారు తప్పు చెప్పినను కారులోని కంప్యూటరే బలమును తగ్గించివేయును. నీలిపొగ వచ్చుచు ఆయిలు మట్టము పడిపోవుచున్నచో అప్పుడు టర్బోను గట్టిగా అనుమానింపవచ్చును. ఇంజను ఆపి, చల్లారిన తరువాత, గాలి గొట్టము విప్పించి ఇరుసును వ్రేలితో కదలించి చూపుమని అడుగవలెను. ప్రక్కలకు కొంచెము కదలుట సహజము. చక్రము గోడను రాచుకొనుచున్నను, రెక్కలు విరిగియున్నను సందేహము లేదు.

చింతామణి ప్రాంతమున ఒక కారుకు నాలుగు నెలలలో రెండుమార్లు టర్బో మార్చిరి. రెండవదియు పోయినప్పుడు ఆ యజమాని డ్రైవరును పనినుండి తీసివేసినాడు. మూడవమారు వేరొక మేస్త్రీ, టర్బోను ముట్టకముందే, ఆయిలు తెచ్చు గొట్టమును విప్పి వెలుతురునకు పట్టి చూపినాడు. సూది దూరునంత సందు మాత్రమే మిగిలియున్నది. మొదటి గ్యారేజివారు క్రొత్త టర్బోను ఆ పూడిన గొట్టమునకే బిగించిరి. అది ఎన్నాళ్ళు బ్రతుకును? టర్బో మార్చునప్పుడు ఆ గొట్టమును మార్చవలెను, లేదా పూర్తిగా శుభ్రపరచవలెను. ఆయిలును, ఆయిలు ఫిల్టరును క్రొత్తవి వేయవలెను. ఆయిలు తిరిగి దిగు దారి తెరచియున్నదా, అడుగు తొట్టిలో మడ్డి యున్నదా చూడవలెను. ఇంటర్‌కూలరులో నిలిచిన పాత ఆయిలును కడిగివేయవలెను. క్రొత్త టర్బోలో ఆయిలు పోసి, అది నిండిన తరువాతనే ఇంజనును ప్రారంభింపవలెను. అంచనా కాగితములో ఈ పనులు లేకున్నచో, టర్బో ధర ఎంత తక్కువయైనను ఆ బేరము నష్టబేరమే. ఆ డ్రైవరు తిరిగి పనికి రాలేదు. వేరొకచోట చేరినాడు.

ప్రాణమునకు సంబంధించిన సంగతి యొకటి ఇక్కడనే చెప్పవలెను. టర్బో సీళ్ళు పూర్తిగా పోయినచో ఇంజను ఆయిలు గాలితో కలిసి సిలిండర్లలోనికి పోవును. డీజిలు ఇంజను దానినే ఇంధనముగా కాల్చుకొని, తాళము త్రిప్పినను ఆగక, వేగము పెంచుకొనుచు పోవును; దట్టమైన పొగ క్రమ్మును. గేర్లు చేతితో వేయు కారైనచో నిలిపి, బ్రేకు గట్టిగా నొక్కి, పెద్ద గేరు వేసి, క్లచ్చి వదలి ఇంజనును బలవంతముగా ఆర్పవలెను. అది సాధ్యము కానిచో అందరిని దింపి దూరముగా తీసికొనిపోవలెను. బానెట్టు తెరచి తొంగిచూడరాదు. బాగేపల్లి మీదుగా పోవు 44వ జాతీయ రహదారిపై వేగముగా పోవు మన డ్రైవర్లకు ఈ మాట ప్రతి యజమానియు చెప్పియుండవలెను.

జీతము పట్టుకొనుట విషయమున చట్టము ఏమనుచున్నది? నష్టము పేరిట జీతము కోయుటకు ముందు పనివానికి తన మాట చెప్పుకొను అవకాశమీయవలెనని 1936 నాటి వేతన చెల్లింపు చట్టమే విధించినది. 2019 నాటి వేతనముల స్మృతిలోను ఆ నియమము కలదు. ఒక్క డ్రైవరును పెట్టుకొనిన ఇంటికి ఆ చట్టము వర్తించునా యని వాదించువారితో మాకు పని లేదు. లెక్కలు వ్రాయు వర్తకులము మనము. ప్రతి బస్తాకు చిట్టా యున్నది. కారుకు మాత్రము లేదు. ఆయిలు మార్చిన తేదీ, కిలోమీటర్లు, ఆయిలు రకము, ఫిల్టరు బిల్లు, ఇవి ఒక పుస్తకములో వ్రాసి కారులోనే యుంచినచో, నేరమెవరిదో ఆ పుస్తకమే చెప్పును. ఆ పుస్తకము లేని యజమాని డ్రైవరు జీతమున ఒక్క రూపాయియైనను పట్టుకొనరాదని మా నిశ్చితాభిప్రాయము. ఇది మన వర్తక మిత్రులలో కొందరికి రుచింపదని ఎరుగుదుము.

భాష చిక్కును ఇందులో కలదు. కారు పుస్తకము ఇంగ్లీషులో నున్నది. గ్యారేజి జాబుకార్డును చాలవరకు ఇంగ్లీషుననే యుండును. ఇంట తెలుగును, బజారున కన్నడమును మాట్లాడు మనవాడు చదువకయే సంతకము చేయును. చదివించుకొని సంతకము చేయుటకు సిగ్గుపడ నక్కరలేదు. సంఘ కార్యాలయమునకు తెచ్చినచో చదివి చెప్పగలవారున్నారు. జాతీయ వినియోగదారుల సహాయవాణికి 1915 అను నంబరున తెలుగులోనే ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము చేసిన పనికి బిల్లు ఇయ్యకుండుటయే అనుచిత వ్యాపారపద్ధతి క్రిందికి వచ్చును. మనము నివసించు జిల్లాలోని కమిషనుననే, కారణము పుట్టిన రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవచ్చును. సాక్ష్యము మాత్రము చేతనుండవలెను. కావున విప్పిన పాత టర్బోను గ్యారేజిలో వదలి రాకుడు. బాగుచేసిన టర్బోకు మారుగా దానిని ఇచ్చివేయవలసి వచ్చినచో, ఇచ్చుటకు ముందు ఇరుసును, రెక్కలను, ఆయిలు గొట్టమును ఫోటోలు తీయించి, ఎందువలన చెడినదో ఒక్క వాక్యమైనను బిల్లుపై వ్రాయించుకొనుడు.