మోటారు కాలితే తప్పు రైతుదేనా?

వేసవి వస్తే చాలు, రీవైండింగ్ షాపుల ముందు బోరు మోటార్లు వరుస కడతాయి. మోటారు ఎత్తిన ఖర్చు, తీగ చుట్టిన ఖర్చు, మళ్లీ దించిన ఖర్చు ఒక ఎత్తు. ఆ నాలుగు రోజులూ తడి అందక వాడిన పైరు ఇంకో ఎత్తు.

కరెంటోళ్లను అడిగితే నాసిరకం మోటార్లు కొన్నారు, ఆటో స్టార్టర్లు పెట్టారు అంటారు. కాదనం. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. ఐఎస్ఐ గుర్తు చూసి కొనాలి. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీరే కాబట్టి, నీళ్లు తగ్గితే దానంతటదే ఆగే స్టార్టరు పెట్టుకోవాలి. ఇసుక పడే బోరులో అడుగుదాకా దించకూడదు.

ఇవన్నీ చేసినా, 415 ఓల్టులు రావలసిన చోట లైను చివర 340 వస్తే ఏ మోటారు నిలుస్తుంది? ఓల్టేజి తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ కాలుతుంది. నిబంధన ప్రకారం తేడా 6 శాతం దాటకూడదు, అంటే 390కి తగ్గకూడదు. దీనికి రైతు ఏం చేయగలడు?

అందుకే సభ్యులందరినీ కోరుతున్నాం: పది రోజులపాటు స్టార్టరు మీటరులో కనిపించే ఓల్టేజిని, టైముతో సహా రాసి గ్రామ కమిటీకి ఇవ్వండి. ఆ కాగితాలతోనే సబ్‌స్టేషన్‌కు వెళదాం.