తెలుగువాళ్ళ ఓట్లన్నీ మీకే అనడానికి మీరెవరు?

ఎన్నికలు వచ్చినాయంటే మా హోసూరు పక్కన గోడల మీద, నోటీసుల మీద ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది. ఆదరవు. తమిళంలో మద్దతు అని దానికి అర్థం. ఫలానా సంఘం ఫలానా కూటమికి ఆదరవు, ఫలానా నటుని అభిమానులు ఫలానా అభ్యర్థికి ఆదరవు. ఎవరైనా తన ఓటు ఎవరికో చెప్పుకొని, ఎందుకో కారణం కూడా చెబితే అందులో తప్పేమీ లేదు. వినేవాళ్ళు వింటారు, లేకుంటే లేదు. కానీ సంఘం పెద్ద ఒకరు అభ్యర్థికి శాలువా కప్పి, ఫోటోకి నిలబడి, "ఇక్కడి తెలుగువాళ్ళ ఓట్లన్నీ మీకే" అంటారు చూడండి, నా గొడవ దాని మీదే. అన్నీ అంటే ఎవరెవరివి? మా అవ్వది ఉందా అందులో? తాను ఎవరికి వేసిందో ఆమె మా తాతకే చెప్పదు. నాకింకా 15 ఏళ్ళే. మూడేళ్ళ తర్వాత రాబోయే నా ఓటు కూడా ఆ శాలువాలో చుట్టి ఇప్పుడే ఇచ్చేసినట్టున్నారు.

పెద్దమనిషి చెబితే ఓట్లు కదులుతాయని చాలామంది నమ్ముతారు. మన రాష్ట్రంలో దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 1996. జయలలిత మళ్ళీ వస్తే తమిళనాడును దేవుడు కూడా కాపాడలేడని అప్పుడు రజనీకాంత్ అన్నారు. డీఎంకే, మూపనార్ గారి తమిళ మానిల కాంగ్రెస్ కూటమి గెలిచింది. 234 సీట్ల శాసనసభలో అన్నాడీఎంకేకి వచ్చినవి 4. మన పక్కనున్న బర్గూరులో జయలలితే ఓడిపోయినారు. ఇంతవరకు చెప్పి ఆపేస్తారు. 2004 కథ ఎవరూ చెప్పరు. ఆ లోక్‌సభ ఎన్నికల్లో అదే రజనీకాంత్ తన ఓటు బీజేపీకి అన్నారు, పీఎంకేని ఓడించమని అభిమానులకి చెప్పినారు. పీఎంకే పోటీ చేసిన ప్రతిచోటా గెలిచింది. రాష్ట్రంలోని 39 సీట్లూ డీఎంకే కూటమికే పోయినాయి.

మనిషి అదే, అభిమానులు వాళ్ళే. 1996లో జనం ముందే కోపంగా ఉన్నారు, వాళ్ళ నోట్లో ఉన్న మాటనే ఆయన పైకి అన్నారు. 2004లో ఆయన మాట ఒక దిక్కు, జనం మనసు ఇంకొక దిక్కు. అంత పెద్ద హీరో మాటకే ఈ గతి అయితే, మన సంఘం పెద్ద మాట వీధి చివరి దాకా అయినా పోతుందా అని నా అనుమానం.

మరి పార్టీలు ఎందుకు ఎగబడతాయి? చవక కాబట్టి. ఒక ఇంట్లో పది నిమిషాలు కూర్చొని కాఫీ తాగితే ఒక భాషవాళ్ళందరి పని అయిపోయినట్టే. ఇక మా వీధికి రావక్కరలేదు. బడి తెరిచి నెలలైనా చేతికి రాని పుస్తకాల గురించి, ఖాళీగా ఉన్న టీచరు పోస్టు గురించి మా అమ్మ అడిగే ప్రశ్న వినక్కరలేదు. ఆ ప్రకటన ఓట్లు తెచ్చినా తేకపోయినా ప్రశ్నల్ని మాత్రం తప్పిస్తుంది. కాఫీ ఇచ్చిన ఇంటి పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతారు, అది వేరే సంగతి.

చట్టం కూడా ఒకసారి చూడండి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షను ప్రకారం మతం, కులం, భాష పేరు చెప్పి ఓటు అడగడం అవినీతి పద్ధతి. అభ్యర్థి అడిగినా, ఆయన సమ్మతితో ఇంకొకరు అడిగినా ఒకటే. అభ్యర్థి మతం, భాష మాత్రమే కాదు, ఓటరువి చెప్పి అడిగినా తప్పేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల్లో నలుగురు తీర్పు చెప్పినారు. "మనవాడు, మన భాషవాడు, వేసేయండప్పా" అని మైకు పట్టుకునేవాళ్ళకి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు. బడికి టీచరు కావాలని అడగడం వేరు, మనవాడని ఓటు అడగడం వేరు.

"మనం తక్కువమందిమి, ఒక్కటిగా లేకుంటే ఎవరు పట్టించుకుంటారు?" అని పెద్దలు అంటారు. దీన్ని నేను కొట్టిపారేయను. అయితే ఒక్కటిగా ఉన్నామని చెప్పి ఏం తెచ్చుకున్నాం? 2006లో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. తమిళం నేర్చుకోవడం నాకిష్టమే, సగంమంది స్నేహితులతో నేను మాట్లాడేది ఆ భాషే. కానీ సరిగా నేర్పే టీచర్లు లేకుండా పదో తరగతిలో పరీక్ష రాయమంటే ఎట్ల? భాషా మైనారిటీ పిల్లలకి మినహాయింపు కోర్టుల్లో తెచ్చుకోవలసి వచ్చింది. 2023లో సుప్రీంకోర్టు దాకా పోతేనే ఇంకొక ఏడాది దొరికింది. ఈ మధ్యలో 2011, 2016, 2021 అని మూడు శాసనసభ ఎన్నికలు అయిపోయినాయి. ఎన్ని శాలువాలు కప్పినారో! కప్పేటప్పుడు ఈ ఒక్క సంగతి కాగితం మీద రాయించుకొని, పని జరిగేదాకా వెంటపడి ఉంటే కోర్టు మెట్లు ఎక్కే పని ఉండేదా?

పెద్దలూ, ముందు మమ్మల్ని అడగండి. మీటింగు పెట్టండి, ఆడవాళ్ళని కూడా పిలవండి (ఆ ఫోటోల్లో ఇంతవరకు ఒక్క ఆడమనిషిని నేను చూడలేదు). కావలసినవి రాసి అభ్యర్థులందరికీ ఇవ్వండి. ఎవరు ఏం జవాబు చెప్పినారో సంఘం గోడ మీద అంటించండి. ఆ తర్వాత మీ ఓటు ఎవరికో మీ పేరుతో చెప్పుకోండి, మా పేరుతో వద్దు. ఇంకొకటి. ఈసారి అభ్యర్థి మీ ఇంటికి కాఫీకి వస్తే, పోయేటప్పుడు మా బడి దాకా పిలుచుకొని రండి. లెక్కల పుస్తకాలు ఎప్పుడు వస్తాయో మేమే అడుగుతాము.