అచ్చునకు ముందే తీర్పా?

పరువు మనుజునకు ప్రాణతుల్యము. దాని నసత్యముతో హరించినవాడు దండనార్హుడే. రాజ్యాంగము 19(1)(ఎ) అధికరణమున వాక్స్వాతంత్ర్యమును ప్రసాదించుచునే, 19(2)లో పరువునష్టమును పరిమితులలో నొకటిగా పేర్కొనుటకు హేతువదియే. కాని ప్రకటితమైన అసత్యమును శిక్షించుట వేరు. వెలుగు చూడని రచనను అసత్యమని ముందే యెంచి ముద్రణాలయమునకు తాళము వేయుట వేరు.

ఈ భేదమును దేశమునకు బోధించిన తీర్పు ఒక తెలుగు న్యాయమూర్తి లేఖినినుండి వెలువడుట మనకు గర్వకారణము. మరణశిక్ష పడిన ఆటో శంకర్ చెరసాలలో వ్రాసిన ఆత్మకథను 'నక్కీరన్' తమిళ పత్రిక ప్రకటింపబూనగా, అందు ఉన్నతాధికారుల ప్రసక్తి యున్నందున, అది అసత్యమనియు నిలిపివేయవలెననియు కారాగారశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 1994 జూన్‌లో లేఖ వ్రాసెను. ఆ యేడు అక్టోబరు 7న సుప్రీంకోర్టున జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, ప్రచురణను ముందుగా నడ్డగించు హక్కు అధికారులకు లేదనియు, పరువు పోయినదన్నవారు ప్రచురణానంతరమే న్యాయస్థానము నాశ్రయింపవలెననియు, ప్రభుత్వము తన పరువునకై నష్టపరిహారపు దావా వేయజాలదనియు నిర్ణయించిరి.

అయినను ఆంక్షల మోజు తీరలేదు. 2019 అక్టోబరు 30నాటి జి.ఓ. 2430 మన ఆంధ్రప్రదేశమున శాఖల కార్యదర్శులకు పత్రికలపై కేసులు వేయు అధికార మొసగినది. 2020 సెప్టెంబరులో అమరావతి భూముల ఎఫ్‌ఐఆర్ వివరములను ప్రచురింపరాదని హైకోర్టు ఆదేశింపగా, నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఆంక్షను నిలిపివేసినది. బ్లూమ్‌బెర్గ్ వార్తాసంస్థపై జీ సంస్థ పొందిన ఇంజంక్షనును 2024 మార్చిలో కొట్టివేయుచు, విచారణకు పూర్వమే యిట్టి ఉత్తర్వు లిచ్చుట ప్రజాచర్చ గొంతు నులుముటయేనని ఆ న్యాయస్థానమే మందలించినది.

ఉక్కునగరమైన విశాఖ వాసుల కిది పరాయి తగవు కాదు. రేవులోని బొగ్గుపొడి పాతనగరపు కిటికీలపై నల్లగా పేరుకొనుటను, 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురమున విషవాయువు ప్రాణములు బలిగొనుటను, ఉక్కు కర్మాగారపు ప్రైవేటీకరణ లాభనష్టములను వ్రాయబూనినవానిపై, అతని వాదన వినకయే మధ్యంతర ఉత్తర్వు ఒక్కపూటలో వెలువడి, విచారణ యేండ్ల తరబడి సాగినచో, తుదకు గెలిచియు అతడు సాధించునదేమి? నాటి ప్రశ్న నాటితోనే సమసిపోవును.

కావున న్యాయమూర్తులకు మా విన్నపము: ఉభయపక్షముల మాట విని, రచన కల్పితమని ప్రథమదృష్టికే తేలిననాడు తప్ప దానిని నిలుపకుడు. రచయితలకు మా మనవి: ప్రతి వాక్యమునకు ఆధారము చేతనుంచుకొని వ్రాయుడు, ఆపై వెనుదీయకుడు.