తాతల నాటి తుపాకీ.. విలువెంత? చట్టం మాటేమిటి?

సంస్థానాలు, జమీందారీలు గతించి ఏడు దశాబ్దాలు దాటినా వాటి ఆయుధాలు పూర్తిగా కనుమరుగు కాలేదు. గద్వాల, వనపర్తి మొదలుకొని విజయనగరం, బొబ్బిలి దాకా పాత లోగిళ్లు కూల్చేటప్పుడో, ఆస్తి పంపకాల వేళనో అటక మీద నుంచి సైనిక తుపాకీ బయటపడితే వారసులకు తొలుత కలిగేది ఆశ. విదేశీ వేలం ధరలు చూసి లక్షలు పలుకుతుందని లెక్కలు వేస్తారు. ఆ వెంటనే భయం. కేసవుతుందన్న శంకతో బావిలో పడవేస్తే, పాత ఇనుముకు ఇచ్చివేస్తే ఒక చారిత్రక వస్తువు నశించినట్లే. చేతిలో ఉన్నదేమిటో తెలియకపోవడమే ఆశకూ భయానికీ మూలం.

ముద్రలే ఆనవాళ్లు

తుపాకీ వయసు చెప్పేది దాని ఇనుము మీది ముద్రలే తప్ప ఇంటి పెద్దల మాట కాదు. ముద్రలు చూసే ముందు ఒక జాగ్రత్త అవసరం. దశాబ్దాల కిందట కూరిన నల్లమందు గొట్టంలో ఇంకా ఉండవచ్చు, పేలనూవచ్చు. తెలిసినవారు పరీక్షించే దాకా సుత్తి, ట్రిగ్గర్ ముట్టరాదు.

మూతి నుంచి మందు కూరేవన్నీ భర్మార్లేనని పల్లెల్లో జమకట్టడం పరిపాటి. పంట కాపలాకు ఊరి కమ్మరి చేసిన దానికి, 1853 నమూనా ఎన్‌ఫీల్డ్‌కు పోలిక పైపైనే. ఎన్‌ఫీల్డ్ కుడివైపు ఇనుప పలక మీద సాధారణంగా కిరీటం, సంవత్సరం, ‘టవర్’ లేదా ‘ఎన్‌ఫీల్డ్’ అన్న అక్షరాలు కనిపిస్తాయి. గొట్టం లోపల మెలికల గాడులు లేవని నకిలీగా తోసిపుచ్చరాదు. 1857 తిరుగుబాటు తర్వాత గురి బాగా కుదిరే ఆయుధాలను భారతీయ సిపాయిల చేతికివ్వడానికి జంకిన బ్రిటిష్ ప్రభుత్వం నున్నని గొట్టాలతో ప్రత్యేకంగా తుపాకీలు చేయించింది. పాలకుల అపనమ్మకానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏ దస్తావేజులోనూ దొరకదు.

ఆ ఎన్‌ఫీల్డ్ వెనుక భాగం కోసి పక్కకు తెరుచుకునే మూత అమరిస్తే అది 1866 నాటి స్నైడర్. ట్రిగ్గర్ వెనుక పొడవాటి మీట ఉంటే 1871లో ప్రవేశపెట్టిన మార్టినీ హెన్రీ. బోల్టు, తూటాల పెట్టె ఉన్నది లీ ఎన్‌ఫీల్డ్, అంటే జనం నోట త్రీనాట్‌త్రీ. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం త్రీనాట్‌త్రీలనే ఒక్కో తూటా పెట్టి కాల్చే .410 మస్కెట్లుగా మార్చి పోలీసులకు అందించింది. చూపులకు రెండూ ఒకటే కనుక పొరబడేవారు అధికం. ఇక వాయవ్య సరిహద్దులోని దర్రా ఆదంఖేల్ నకళ్లను పట్టిచ్చేది తిరగబడిన అక్షరాలు, అక్షరదోషాలే.

కాగితం లేని కథకు వెల లేదు

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి ఆయుధాలు పట్టుకుపోయింది. మన్యం పోరాటంలో వాడినదని రుజువైతే ఏ తుపాకీకైనా విలువ అనేక రెట్లు పెరుగుతుంది. రుజువంటే పాత లైసెన్సు పుస్తకం, ఠాణా రికార్డులోని సంఖ్య, నాటి ఫొటో. అవి లేనిచోట కథ కథగానే మిగులుతుంది. అరుదనుకున్నది అరుదు కాకపోవచ్చు కూడా. 2003లో నేపాల్ సైన్యపు పాత నిల్వల నుంచి వేలాది మార్టినీలు, స్నైడర్లు అమెరికా వ్యాపారులకు చేరాయి. తుప్పు వదిలించాలని ఇసుక కాగితంతో రుద్దేవారు ముద్రలనూ, వాటితోపాటు విలువనూ చెరిపేస్తున్నారు.

విదేశీ ధరలు ఇక్కడివారికి ఎలాగూ అక్కరకు రావు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. ఇక్కడ కొనుగోలుదారులు కొద్దిమందే.

చట్టం ఏమంటోంది?

1959 ఆయుధ చట్టంలోని 45వ సెక్షన్ మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఇచ్చింది. అయితే పేలదని యజమాని తనకు తానే తీర్మానించుకుంటే చెల్లదు. లైసెన్సుదారు మరణిస్తే 2016 నిబంధనల కింద వారసుడు తన పేరిట దరఖాస్తు చేసుకోవచ్చు. 2019 సవరణతో, వారసత్వంగా వచ్చినవి కలిపినా ఒక్కరి వద్ద రెండుకు మించరాదు. త్రీనాట్‌త్రీ నిషిద్ధ బోర్ కావడంతో దాని లైసెన్సు వ్యవహారం కేంద్ర హోంశాఖ పరిధిలోకి వెళుతుంది. అసలు లైసెన్సే లేని తుపాకీ దొరికినవారి పరిస్థితి మరింత క్లిష్టం. దానిని భుజాన వేసుకొని ఠాణాకు బయలుదేరడం కన్నా న్యాయవాది ద్వారా ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేయడం మేలు.

పురావస్తు శాఖకు చరిత్ర తెలుసు, పోలీసు ఆర్మరర్‌కు యంత్రం తెలుసు. జిల్లాలో ఏడాదికొక రోజు ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, స్వచ్ఛందంగా తెచ్చి చూపినవారిపై తొందరపడి కేసు పెట్టబోమని కలెక్టర్, ఎస్పీ హామీ ఇస్తే బావుల పాలయ్యేవి కొన్నయినా మ్యూజియాలకు చేరతాయి. లైసెన్సున్న తుపాకీని ఉంచుకోదలచని వారసులు 21వ సెక్షన్ కింద ఠాణాలో గానీ, లైసెన్సున్న డీలరు వద్ద గానీ డిపాజిట్ చేసి, అర్హులకు విక్రయించుకోవచ్చు. గడువు దాటితే మాత్రం అది ప్రభుత్వపరం అవుతుంది.