ఊరు నేర్పు మాట

స్పానిష్ పాఠ్యపుస్తకము చదివిన విద్యార్థికి ఎదుటివారిని సంబోధించుటకు రెండు మాటలు తెలియును: చనువునకు ‘తూ’, గౌరవమునకు ‘ఉస్తెద్’. ఆ రెంటిని నమ్ముకొని కొలంబియా దేశమందలి బోయకా సీమకు, కుమ్మరిపనికి పేరొందిన రాకిరా వంటి చిన్న ఊరికి పోయినచో అతని పాఠము తారుమారగును. ఆ సీమలో ఇంటివారు సైతము ఒకరినొకరు ‘ఉస్తెద్’ అనుకొందురు. వ్యాపారి కొనవచ్చినవారిని, బిడ్డ తల్లిని ‘సుమెర్సే’ అనుట కద్దు. ‘తమ దయ’ అను అర్థముగల పూర్వపు గౌరవవచనము వాడుకలో నలిగి, ప్రేమయు మర్యాదయు కలిసిన ఈ మాటగా మారినది.

దాని అర్థమును నిఘంటువు చెప్పగలదు. ఎవరితో, ఎప్పుడు, ఏ స్వరమున అనవలెనో ఊరే చెప్పవలెను. 1942లో ఏర్పడిన కారో–క్వెర్వో సంస్థ పండితులు సైతము కొలంబియా భాషాపటములను సిద్ధపరచుటకు ఊరూరా తిరిగి జనుల నోట మాటలు సేకరించిరి. ఆ పటములు 1981–83 మధ్య వెలువడినవి.

అట్లని వ్యాకరణము వ్యర్థము కాదు. క్రియారూపములు ముందే పట్టుబడినవానికి సంతలోని సంభాషణ త్వరగా బోధపడును. కాని పుస్తకము తోవ చూపునదే గాని గమ్యము కాదు. ‘నీవు, మీరు, తమరు’ అను భేదములను బడికంటె ముందు ఇంటిలోనే నేర్చిన తెలుగు విద్యార్థికి ఈ సత్యము క్రొత్త కాదు. పరభాషను పరీక్షకొరకు మాత్రమే బోధించు తరగతి దీనిని మరచుచున్నది. మాటలు వచ్చియు మనుష్యులతో మెలగుట రానిచో, ఆ చదువు సగము చదువే.