ఇంటిపేరు పోతే ఏం పోతుంది?

అమెరికా ఆదివాసులైన అపాచీల యోధుడు జెరోనిమో గురించి మన పాఠకుల్లో చాలామంది వినే ఉంటారు. అది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. 1829 ప్రాంతంలో చిరికావా అపాచీల ఇంట పుట్టిన ఆ బిడ్డను గోయాథ్లే అని పిలుచుకున్నారు. ఆవలించేవాడు అని దానికి అర్థం చెబుతారు. 1850ల్లో మెక్సికో సైనికులు అతని తల్లినీ, భార్యనూ, ముగ్గురు పిల్లల్నీ చంపేశారు. ఆ తర్వాతి పోరాటాల్లో అతనికి జెరోనిమో అన్న పేరు పెట్టింది మెక్సికన్లే. 1886లో అమెరికా సైన్యానికి లొంగిపోయి, 1909లో ఫోర్ట్ సిల్ సైనిక స్థావరంలో యుద్ధఖైదీగానే కన్నుమూశాడు. ఖైదులో ఉండగా జనానికి సంతకాలు అమ్మేవాడు. ఆ సంతకంలోనూ శత్రువు పెట్టిన పేరే. 2011లో బిన్ లాడెన్ మీద దాడిలో అమెరికా సైన్యం ఆ పేరునే సంకేతపదంగా వాడితే ఆదివాసీ నాయకులు మండిపడ్డారు. వాళ్ల కోపం న్యాయమైనది.

మన దగ్గర పేరును మింగేది శత్రువు కాదు, ఇనీషియల్. తమిళనాడులోని ధర్మపురి జిల్లా బి. మల్లాపురంలో ఊరికే ఇనీషియల్ ఉంది. బి అంటే బొమ్మిడి. తాలూకా కేంద్రం పాప్పిరెడ్డిపట్టి పేరులో రెడ్డి ఇంకా వినిపిస్తూనే ఉన్నాడు. ఈ జిల్లాలో తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్నారు. బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరులో మొదటి అక్షరం బిడ్డకు ఇనీషియల్ అవుతుంది. ఇంటిపేరుకు బడి కాగితంలో చోటే లేదు. తరం మారితే అక్షరమూ మారుతుంది. అన్నదమ్ముల పిల్లలు కాగితాల మీద ఒకరికొకరు ఏమీ కారు. పెళ్లి మాటలప్పుడు మాత్రం పెద్దవాళ్లు "మీ ఇంటిపేరేంటమ్మా?" అని అడుగుతారు. ఒకే ఇంటిపేరైతే పిల్లా పిల్లవాడూ అన్నాచెల్లెళ్ల వరస, సంబంధం కలుపుకోరు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల ముసలివాళ్లు తగ్గిపోతున్నారు.

పెట్టిన పేర్ల సంగతీ అంతే. పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే, దక్కిన బిడ్డను పెంట మీద పడుకోబెట్టి తీసి పెంటయ్య అన్నారు. తవుడుకు అమ్మినట్టు అమ్మి, తిరిగి తెచ్చుకుని తవిటయ్య అన్నారు. తమిళంలో కుప్పన్, కుప్పమ్మాళ్ అనేవీ ఆ భయంలోంచి పుట్టిన పేర్లే. కుప్పై అంటే చెత్త. దిష్టి తగలకూడదనీ, చావుకు ఈ బిడ్డ మీద ఆశ పుట్టకూడదనీ రెండు భాషల తల్లులూ ఒకే ఉపాయం పట్టారు. ఇప్పుడు ఆ పేర్లు చెప్పుకోవడానికి మనవలు సిగ్గుపడుతున్నారు. సిగ్గుపడాల్సిందేముంది? ఆ పేరు పెట్టిన తల్లి అప్పటికి ఎందరు బిడ్డల్ని మట్టిలో పెట్టిందో ఏ రిజిస్టరూ చెప్పదు. పేరొక్కటే చెబుతుంది.

ఇనీషియల్ వద్దని మేం అనడం లేదు. పక్కన ఇంటిపేరు కూడా ఉండాలంటున్నాం. ధర్మపురి, కృష్ణగిరి, సేలం తెలుగు పాఠకులకు మా విన్నపం ఒక్కటే: వచ్చే పండక్కి మీ ఇంటి పెద్దల పేర్లన్నీ ఇంటిపేరుతో సహా, ఎవరు పెట్టారో ఎందుకు పెట్టారో అడిగి, పిల్లల చేత ఒక నోటుబుక్కులో రాయించండి.