పండగ రుతువులోనే ఉండాలంటే

ఏటా ఏప్రిల్ 4న లేదా 5న, అరుదుగా ఒకరోజు తేడాతో, చైనా కుటుంబాలు పెద్దల సమాధుల దగ్గరకు వెళ్లి, పిచ్చిమొక్కలు పీకి, నైవేద్యం పెడతాయి. ఆ పండగ చింగ్‌మింగ్. అక్కడి సంప్రదాయ కేలండర్‌ది వట్టి చంద్రుడి లెక్కే అయితే ఈ పండగ ఏటా పదకొండు రోజులు ముందుకు జరిగిపోవాలి. కానీ చైనావాళ్లు సూర్యుడి బాటను 15 డిగ్రీల చొప్పున 24 భాగాలు చేసి, ఒక్కోదానికి రుతువును తెలిపే పేరు పెట్టారు. చింగ్‌మింగ్ వాటిలో ఒకటి. లుంగ్‌జింగ్ తేయాకులో ఆ రోజుకు ముందు కోసిన చిగురుకే గిరాకీ ఎక్కువ. నెలలు మాత్రం అమావాస్యతో మొదలవుతాయి. ఆ 24లో ప్రధానమైన 12 భాగాల్లో ఒక్కదాని ఆరంభమూ పడని నెల అధికమాసమన్న సూత్రం క్రీ.పూ. 104 నాటిది. సంక్రాంతి లేని నెల అధికమాసమన్న మన నియమం సరిగ్గా ఇలాంటిదే.

చైనా పండగలు రుతువును వీడకపోవడానికి కారణం వాటి ప్రాచీనత కాదు, లెక్కను దిద్దుకోవడమేనని నా వాదన. 1645లో చింగ్ ప్రభుత్వం జెసూట్ పాదరీ ఆడమ్ షాల్ సాయంతో కేలండర్ లెక్కకు సూర్యుడి నిజస్థానాలను ఆధారం చేసుకుంది. విదేశీయుల లెక్క మనకెందుకని యాంగ్ గ్వాంగ్‌షియాన్ అనే చైనా పండితుడు తిరగబడ్డాడు. ఆ గొడవలో 1665లో ఐదుగురు చైనా ఖగోళవేత్తల ప్రాణాలే పోయాయి. చివరికి తగవు తీర్చింది నీడ. 1668లో కుర్రవాడైన కాంగ్‌షీ చక్రవర్తి మధ్యాహ్నపు నీడ పొడవు ముందే చెప్పమని పందెం పెడితే, పాదరీ వెర్బీస్ట్ లెక్క నెగ్గింది. సంప్రదాయానికి దానివల్ల నష్టమేమీ జరగలేదు. దెబ్బ తగిలింది రాజకీయాల వల్ల: సాంస్కృతిక విప్లవ కాలంలో, 1967లో, చైనా కొత్త సంవత్సరమైన వసంతోత్సవ సెలవునే రద్దు చేశారు. పండగ మళ్లీ నిలబడింది. 2008లో చింగ్‌మింగ్‌కు కూడా జాతీయ సెలవు దక్కింది.

ఆ 24 భాగాల పేర్లు పసుపు నది మైదానపు వాతావరణానికి పెట్టినవనీ, మంచు దాదాపు ఎరుగని గ్వాంగ్‌జౌలో ‘మహా హిమం’ అర్థంలేనిదనీ అనవచ్చు. నిజమే. కానీ పేరు ఒక ప్రాంతానిదైనా ఆకాశంలో గుర్తు అందరిదీ. దాన్ని స్థానిక పంటకు అన్వయించుకోవడం రైతుకు కష్టం కాదు.

మన విషయంలో ఇబ్బంది వేరు. శీతాకాల అయనం డిసెంబర్ 21 లేదా 22న. చైనావాళ్లు దొంగ్‌జీ జరుపుకునేదీ అప్పుడే. నక్షత్రాలను ఆధారం చేసుకున్న మన మకర సంక్రాంతి సుమారు 72 ఏళ్లకొక రోజు చొప్పున జారి జనవరి 14, 15లకు చేరింది. రుతువులకు కట్టుబడిన లెక్కను, కేలండర్ సంస్కరణకు వేసిన మేఘనాద్ సాహా కమిటీ 1955లోనే సూచించింది. 1957 మార్చి 22న జాతీయ కేలండర్ వచ్చింది గానీ, పండగలు పాత గణనలోనే ఉండిపోయాయి. నిరయన పద్ధతి నక్షత్రాలకు కట్టుబడినది, అది తప్పు కాదు అంటారు పండితులు. ఒప్పుకుంటాను. రాశి ప్రవేశానికి ఆ లెక్క సరైనదే. సూర్యుడు ఉత్తరానికి మళ్లడం మాత్రం రాశుల సంగతి కాదు, కొలవగలిగే నీడ సంగతి. అందుకే మకర సంక్రాంతి రోజున ఉత్తరాయణం మొదలని రాసే పంచాంగకర్తలు, అసలు అయనం మూడు వారాల పైచిలుకు కిందటే జరిగిపోయిందని పక్కనే అచ్చువేయాలి.